క్రెడిట్లు కదలకపోతే రుణమిచ్చి లాభమేమిటి?

ఇంగ్లండ్‌లో ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు కావాలి. ఏడాదికి 120 చొప్పున మూడేళ్ల చదువు. ఒక్కో క్రెడిట్‌కు పది గంటల శ్రమ అని లెక్క. లండన్‌లోనైనా లీడ్స్‌లోనైనా కొలత ఇదే. అయినా మొదటి ఏడాది పాసైన విద్యార్థి మరో యూనివర్సిటీకి మారబోతే, ఆ 120 క్రెడిట్లు చెల్లుతాయన్న హామీ లేదు. ఒకచోట నేరుగా రెండో ఏట చేర్చుకుంటారు. ఇంకోచోట సిలబస్ కలవలేదని మళ్లీ మొదటికి పంపుతారు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1971లో పాఠాలు మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ, పాలిటెక్నిక్‌ల విద్యార్థులకు డిగ్రీలిచ్చే జాతీయ మండలితో 1977లోనే క్రెడిట్ల బదిలీ ఒప్పందం చేసుకుంది. నలభై ఏళ్ల తర్వాత 2017 ఉన్నత విద్యా చట్టం బదిలీల తీరును గమనించే బాధ్యతను నియంత్రణ సంస్థకు అప్పగించింది. యూనివర్సిటీలు తమ బదిలీ ఏర్పాట్లను ప్రచురించాలి. కానీ ఫలానా క్రెడిట్లను ఒప్పుకుని తీరాలని ఎవరూ అనలేదు.

ఇప్పుడీ లోపం ఖరీదైనదిగా మారబోతోంది.

బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో తలపెట్టిన లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎంటైటిల్‌మెంట్ కింద 2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు కొత్త రుణాలిస్తారు. ఒక్కొక్కరికి నాలుగేళ్ల చదువుకు సరిపడా, 2025-26 ఫీజుల ప్రకారం 38,140 పౌండ్ల దాకా అర్హత ఉంటుంది. ఫీజును క్రెడిట్ల లెక్కన కడతారు. కొన్ని సబ్జెక్టుల్లో 30 క్రెడిట్ల మాడ్యూల్‌ను విడిగానూ చదవొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ కొంచెం కొంచెంగా డిగ్రీ కూడబెట్టుకోవచ్చన్నది ఆశ. కానీ ఒకచోట 120 క్రెడిట్లు చదివి, రెండో చోట 360 మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తే మొత్తం 480. నాలుగేళ్ల అర్హతా అక్కడికక్కడే సరి! అదనపు ఏడాది అప్పు విద్యార్థి నెత్తిన పడుతుంది.

యూనివర్సిటీల వాదనను కొట్టిపారేయలేం. మొదటి ఏట నేర్వాల్సిన గణితం రాకుండా ఇంజినీరింగ్ రెండో ఏడాది నెట్టుకురావడం కష్టం. వైద్యం లాంటి కోర్సుల్లో వృత్తి మండళ్ల షరతులూ ఉంటాయి. అయితే ఏది సరిపోతుందో ముందే తేల్చుకోవచ్చని స్కాట్లాండ్ చూపించింది. అక్కడ కాలేజీలో హెచ్ఎన్‌సీ (హయ్యర్ నేషనల్ సర్టిఫికెట్) చేసినవారు యూనివర్సిటీ రెండో ఏట, హెచ్ఎన్‌డీ (హయ్యర్ నేషనల్ డిప్లొమా) చేసినవారు మూడో ఏట చేరే దారులు చాలా కోర్సుల్లో ఉన్నాయి. రెండు సంస్థలూ ముందే కూర్చుని సిలబస్‌లు సరిచూసుకుని ఒప్పందం రాసుకుంటాయి.

భారత్‌లోనూ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. క్రెడిట్లను జమచేసే ఖాతా సిద్ధమైంది. వాటిని ఒప్పుకునే సంస్థ లేకపోతే అక్కడా ఇదే చిక్కు.

దీన్ని సరిదిద్దడానికి ఇంగ్లండ్ యూనివర్సిటీల స్వేచ్ఛను లాక్కోనక్కర్లేదు. విద్యార్థి ఫీజు కట్టకముందే, నిర్ణీత గడువులో, ఎన్ని క్రెడిట్లు ఒప్పుకున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. కాదన్న ప్రతి మాడ్యూల్‌కు కారణం చూపాలి. ఏ యూనివర్సిటీ ఎన్ని దరఖాస్తులు తిరస్కరించిందో నియంత్రణ సంస్థ ఏటా ప్రకటించాలి. క్రెడిట్ల లెక్కన అప్పిస్తున్న ప్రభుత్వం రుణ నిబంధనల్లోనే ఈ మూడింటినీ చేర్చాలి.