మోకాలికి మొహమాటమేల?

మట్టికుండ కొనవలసి వస్తే వేలితో మీటి, చప్పుడు విన్న తరువాతనే పైకం చెల్లించే జాతి మనది. వంకాయనైనా ముచ్చిక తిప్పి చూడనిదే సంచిలో వేయము. అటువంటి మనమే మోకాటి కీలు మార్పించుకొనవలసి వచ్చేసరికి, రహదారి ప్రక్కనున్న ప్రకటన ఫలకాన్ని చూచి శస్త్రవైద్యుని ఎంచుకొంటున్నాము! ఆ ఫలకం మీద సినిమా నటుడొకడు చిరునవ్వుతో మెట్లెక్కుతుంటాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడమంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు ఉద్యోగకాలంలో దొరకలేదు.

నిరుడు నా అర్ధాంగి మోకాళ్ళ నొప్పికి ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాము. ఆ వైద్యుడు ఎక్స్‌రే చూచి, మనిషిని చూడకుండానే, “రెండు కీళ్ళూ మార్చాలి, రోబోతో చేస్తాము” అన్నారు. “అయ్యా, ఈ ఆపరేషను తమరు స్వయంగా ఏడాదికి ఎన్ని చేస్తారు? వారిలో ఎందరికి చీము పట్టింది? ఎందరికి మళ్ళీ కోయవలసి వచ్చింది?” అని అడిగాను. “నమ్మకం లేకపోతే వేరేచోటికి వెళ్ళండి” అన్నారు. వెళ్ళాము. రెండవ వైద్యుడు ఆమెను నడిపించి చూచారు, మోకాలు వంచి చూచారు, ఆ తరువాతనే ఎక్స్‌రే చూచారు. ముందు తొడ కండరాలకు వ్యాయామం చేయించి, మూడు నెలలాగి చూద్దామన్నారు. నా ప్రశ్నలకు విసుగు లేకుండా లెక్కలు చెప్పారు. రేపు కోతే తప్పనిసరియైతే ఆయన వద్దకే వెళతాము.

“వైద్యుడు నారాయణస్వరూపుడు, ఆయనను నిలదీయవచ్చునా?” అని మందలించే పెద్దలున్నారు. వారికి సుశ్రుతుడే సమాధానం చెప్పాడు. శాస్త్రమంతా చదివినా, చేతితో అభ్యాసం చేయని శిష్యుడు చికిత్సకు తగడని ఆయన మతం. అందుకే గుమ్మడి, సొర, దోసకాయల మీద కోత నేర్వమన్నాడు. కనుక “ఎన్ని చేశారు?” అనడం ధిక్కారం కాదు, శాస్త్రసమ్మతమే. రోబో ఎముకను కొలత ప్రకారం కోయడానికి సాయపడవచ్చును గాని, అసలు కోయాలా వద్దా అని తేల్చవలసినది వైద్యుడే.

స్వీడను దేశంలో 1975 నుండి మోకాటి కీళ్ళ మార్పిడులను, మళ్ళీ చేయవలసి వచ్చినవాటితో సహా, జాతీయ పట్టికలో నమోదు చేస్తున్నారు. మన దేశంలో 2017 ఆగస్టులో కృత్రిమ మోకాటి కీలు ధరకు ప్రభుత్వం హద్దు విధించింది. సంతోషమే. కీలు ధరకు కళ్ళెం పడింది గాని, దానిని అమర్చే చేతికి కొలత ఏర్పడలేదు. ప్రతి ఆసుపత్రీ తన ఫలితాలను తప్పనిసరిగా ప్రకటించాలనే శాసనం వచ్చేవరకు, ఆ కొలత అడగవలసినది రోగి, రోగి బంధువులే.

కుండను మీటిన వేలు మనకింకా ఉన్నది. మీటండి. ప్రశ్నకు కోపగించే వైద్యుడు ఎంత పేరున్నవాడైనా, ఆయన బల్ల మీద మీ వారిని పడుకోబెట్టకండి.