నిరుద్యోగం తగ్గిందట! ఎవరికి?

అమెరికాలో నిరుద్యోగం తగ్గిందని పత్రికలు రాసినప్పుడల్లా మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎవరికి తగ్గింది? విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరం దీనికి జవాబు చెబుతుంది.

మిల్వాకీ ఒకప్పుడు కార్ఖానాల ఊరు. కార్ల చట్రాలు, ట్రాక్టర్లు, ఇంజన్లు, బీరు అక్కడ తయారయ్యేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణాది నుంచి నల్లజాతి సోదరులు ఈ పనుల కోసమే వలసొచ్చారు. 1970లో ఆ మహానగర ప్రాంతంలో 25 నుంచి 54 ఏళ్ళ నల్లజాతి మగవాళ్ళలో నూటికి 85 మందికి పని ఉంది.

తర్వాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. పక్కనే వెస్ట్ ఆలిస్‌లోని ఆలిస్-చామర్స్ కంపెనీ 1985లో ట్రాక్టర్లు చేయడం ఆపేసి, 1987లో దివాలా తీసింది. ఏ.ఓ. స్మిత్ కంపెనీ చట్రాల కార్ఖానా 1997లో చేతులు మారి, 2006లో ఆగిపోయింది. కొత్త ఉద్యోగాలు శివారు ఊళ్ళకు పోయాయి. అవి నల్లవాళ్ళను దరి చేరనివ్వకుండా పెరిగిన తెల్లవాళ్ళ ఊళ్ళు. ఊరు వేరు, వాడ వేరు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?

మాంద్యం దెబ్బ కూడా తగిలాక, 2010లో పని ఉన్న నల్లజాతి మగవాళ్ళు నూటికి 53 మందే. అదే వయసు తెల్లవాళ్ళలో అదే ఏడు నూటికి 85 మంది! మిల్వాకీలోని విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ లెవిన్ తేల్చిన లెక్క ఇది.

సర్కారు చెప్పే నిరుద్యోగ రేటులో ఈ గోస పూర్తిగా కనపడదు. గత నాలుగు వారాల్లో పని వెతికినవాడినే అది నిరుద్యోగి అంటుంది. తిరిగి తిరిగి విసిగి ఇంట్లో కూర్చున్నవాడు లెక్కలో లేడు. జైల్లో ఉన్నవాడూ లేడు. 2010 జనగణన నాటికి విస్కాన్సిన్‌లో పనిచేసే వయసున్న నల్లజాతి మగవాళ్ళలో ఎనిమిది మందికి ఒకరు జైల్లో ఉన్నారు.

'అర్హత లేదు, అందుకే పని లేదు' అనే పెద్దమనుషులు అక్కడా ఉన్నారు. 2001లో దేవా పేజర్ అనే పరిశోధకురాలు మిల్వాకీలోనే వాళ్ళ మాటకు పరీక్ష పెట్టింది. ఒకే అర్హతలున్న తెల్ల, నల్ల యువకులను ఉద్యోగాలడగడానికి పంపింది. జైలుకెళ్ళొచ్చానన్న తెల్లవాణ్ణి నూటికి 17 చోట్ల తిరిగి పిలిచారు. ఏ కేసూ లేని నల్లవాణ్ణి 14 చోట్లే పిలిచారు. ఉద్యోగాల్లో జాతి వివక్ష చూపకూడదని 1964లోనే చట్టం వచ్చింది. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత కూడా పరిస్థితి ఇది!

మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. ఒకే చదువు, ఒకే అర్హత. అయినా దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని 2007లో వాళ్ళు ప్రకటించారు. అక్కడ రంగు చూస్తారు, ఇక్కడ పేరు చూస్తారు.

అందుకే మేమంటున్నాం: సగటు లెక్కలు మాకొద్దు. ఏ కులంలో ఎంతమందికి పని ఉందో, ఏ కంపెనీ ఎవర్ని తీసుకుందో బయట పెట్టాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు పెట్టాలి. ఇళ్ళ వివక్షపై చట్టం కోసం మిల్వాకీ నల్లజాతి యువకులు 1967లో మొదలుపెట్టి 200 రాత్రులు వరసగా ఊరేగారు. 1968లో సాధించుకున్నారు. పని హక్కు కోసం మనం ఎన్ని రాత్రులు నడవడానికి సిద్ధం? ప్రతి వాడలో కూర్చుని మాట్లాడుకుందాం. పని లేని మన పిల్లల జాబితా మనమే రాయడం మొదలుపెడదాం.

జై భీమ్!