అంటు ఎవరిది? (11వ భాగం)



మన తెలుగులో అంటు అనే మాట ఒకటుంది. తిన్న గిన్నెలు అంట్లు. ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బు అంటువ్యాధి. మనమేమో అంటరానోళ్ళం. గిన్నెకు, జబ్బుకు, మనిషికి ఒకే మాట పెట్టిన సమాజం ఇది. అయితే ఆపరేషన్ కత్తెరకు అంటిన అంటు సంగతి మాత్రం ఈ సమాజానికి పట్టదు.

పోయిన వారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగిన. ఆసుపత్రుల్లో ఊడ్చే, తుడిచే, పేషెంట్లను మోసే అక్కలతో కూర్చున్న. అందరూ ఏజెన్సీ కిందనే. కులం అడగాల్సిన పని పడలేదు, వాడ పేరు చెప్తేనే తెలిసిపోయింది. అందులో ఒకక్క ఆపరేషన్ సామాన్లు కడుగుతది. ఏ ఊరో, ఏ ఆసుపత్రో రాయను. రాస్తే రేపు ఆమె పని పోతది.

"నీకు ఎవరు నేర్పిన్రక్కా?" అని అడిగిన.

"నేర్పుడేంది తమ్మీ. నాకంటే ముందల చేసినామె చూపించింది. సైడెక్స్ల ముంచాలె, తీయాలె. ఆ వాసనకు కండ్లు మండుతయి."

"ఎంతసేపు ముంచాలె?"

"సారు తొందరపెట్టేదాక."

ఈ ఒక్క జవాబు దగ్గర మనం ఆగాలి. కడుపుకు చిన్న రంధ్రం చేసి లోపలికి పంపే లాపరోస్కోప్‌లో అద్దాలుంటాయి. మామూలు కత్తెరలను 121 డిగ్రీల ఆవిరిలో, ఆటోక్లేవ్‌లో ఉడికించినట్టు చాలా పాత స్కోపులను ఉడికించలేరు. అందుకే 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచుతారు. అదే మన అక్కలు చెప్పే సైడెక్స్. ముందు నెత్తురు, కండ ముక్కలు పోయేదాకా కడగాలి. నెత్తురు మిగిలితే దాని చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి, మందు వాటిదాకా పోదు. తర్వాత 20 నిమిషాలు ముంచాలి, ఆపైన శుద్ధి చేసిన నీళ్ళతో కడగాలి. ఆ 20 నిమిషాల్లో కూడా మొండి బీజాలన్నీ చావవు. వాటికి 10 గంటలు కావాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో ఒక్క డాక్టరు, ఒక్క లాపరోస్కోపుతో ఒక్క పూటలో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేసిండు. మనిషికి 20 నిమిషాల చొప్పున నానబెట్టడానికే 27 గంటలు దాటాలి. ఆ వారం ఆ జిల్లా శిబిరాల్లో 13 మంది చనిపోయారు. మాత్రల్లో విషం కలిసిందని అక్కడి ప్రభుత్వం అన్నది. అది పక్కన పెట్టినా ఈ లెక్క మారదు కదా. ఇలాంటి శిబిరాలు మూడేండ్లలో ఆపేయాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది.

ఆ తర్వాత ఆరేండ్లకు మన ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న ఒక్క రోజు 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. నలుగురు తల్లులు చనిపోయారు. మిగతావాళ్ళను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. పరికరాల శుద్ధి సరిగా జరగక ఇన్ఫెక్షన్ సోకిందని విచారణలో తేలింది. 13 మంది మీద చర్యలు తీసుకున్నారు. ఇంటికి ఐదు లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు అన్నారు. పిల్లలకు గురుకులం సీటు అన్నారు. (మొగోళ్ళకు చేసే ఆపరేషన్ ఇంతకంటే తేలిక, కడుపు కోయనక్కర్లేదు. అయినా క్యూలో నిలబడేది ఆడవాళ్ళే. దీని మీద ఇంకోసారి రాస్తా.)

ఇట్లాంటిది జరిగిన ప్రతిసారీ "కింది సిబ్బంది నిర్లక్ష్యం" అనే మాట వస్తది. నాకు కడుపు మండేది అక్కడే. ఎన్ని స్కోపులు కొన్నారో ఆ అక్క చేతిలో ఉందా? ఒక బృందం మూడు స్కోపులతో రోజుకు 30 మందికి మించి చేయొద్దని నిబంధన పెట్టింది కేంద్రమే. టార్గెట్లు మోపేదీ పైవాళ్ళే. కడిగే మనిషికి మాత్రం శిక్షణ లేదు, మందమైన గ్లౌజులు లేవు, గడియారం లేదు. జీవో 60 ప్రకారం 15,600 ఇవ్వమని టెంటు వేస్తే పోలీసులొస్తారు. కడగడం చదువుతో పనిలేని పని, పుట్టుకతో వచ్చే పని అని ఈ దేశం నమ్ముతది కాబట్టే దానికి శిక్షణ అక్కర్లేదనుకుంటున్నది. నిజానికి ఆపరేషన్ థియేటర్‌లో అంతకంటే లెక్క తప్పకూడని పని ఇంకోటి లేదు.

1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులు క్లోరిన్ నీళ్ళతో కడుక్కోకుండా కాన్పులు చేయొద్దన్నడు. అక్కడ మంత్రసానులు చూసే వార్డు కంటే డాక్టర్లు చూసే వార్డులోనే తల్లులు ఎక్కువ చనిపోయేవాళ్ళు. మా చేతులు మురికివా అని పెద్ద డాక్టర్లకు కోపమొచ్చింది. మన ఊర్లల్ల బొడ్డు కోసిన మాదిగ అవ్వను వాకిట్లోనే నిలబెట్టిన దొరసానులు గుర్తొచ్చిన్రు నాకు.

సోమవారం మూడు ఊర్ల సర్కారు ఆసుపత్రులకు సమాచార హక్కు దరఖాస్తులు పెడుతున్న. ఎన్ని లాపరోస్కోపులున్నాయి, ఏడాది ఆటోక్లేవ్ రిజిస్టరు నకలు, సైడెక్స్ ఏ తారీఖున కలిపారో, ఏ తారీఖున పారబోశారో రాసుకున్న పుస్తకం, కడిగేవాళ్ళకు శిక్షణ ఇచ్చిన రోజుల హాజరు పట్టిక. 30 రోజుల్లో జవాబివ్వాలె. మిర్యాలగూడ దరఖాస్తు మీద సంతకం నాతోపాటు ఇంకొకరు చేస్తున్నరు. పోయినేడు ఆపరేషన్ చేయించుకుని కుట్లకు చీము పట్టి ఇరవై రోజులు మంచం పట్టిన మా చిన్నమ్మ కూతురు.