ఆడదో మగదో తోకనడగండి

నాగుపాములన్నీ ఆడవి, జెర్రిపోతులన్నీ మగవి, ఆ రెండూ జతకడితేనే పాముపిల్లలు పుడతాయి. ఈ మాట వినని పల్లె తెలుగునాట అరుదు. పొలం పనులకు వెళ్లేవాళ్లే కాదు, జంతుశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాళ్లు కూడా దీన్ని తలూపుతూ చెబుతారు. ఆధారమేమిటని అడిగితే "మా తాత కళ్లారా చూశాడు" అంటారు. తాత అబద్ధమాడాడని నేననను. రెండు పాములు మెలికలు తిరిగి, ముందు సగం పైకి లేపి, ఒకదాన్నొకటి తోసుకుంటూ గట్టు మీద ఊగడం ఆయన చూసే ఉంటాడు. కానీ ఆయన చూసింది కుస్తీ, మనకు చెప్పింది పెళ్లి.

ఆ రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. జతకట్టే కాలంలో ఎదుటి మగదాని తలను నేలకు అదిమిపెట్టడానికి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. మామూలుగా కాటు వేసుకోవు. ఓడింది మెల్లగా జారుకుంటుంది. మగ నాగులు కూడా ఇలాగే తలపడతాయి. అసలు జతకట్టడం చూడ్డానికి ఇంత వేడుకగా ఉండదు. ఆడపాము నేల మీద పడుకుని ఉంటే మగది దాని వెంబడి ఒళ్లు ఆనించి, తోకను తోకకు చుట్టి, గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. దాన్నెవరూ ఫోనులో తీయరు. తీసేది కుస్తీనే, దానికి టీవీ చానళ్లు పెట్టే శీర్షిక "పాముల సయ్యాట".

ఈ సయ్యాట మీద కొత్త తెల్లబట్ట పరిచి, ఆ బట్టను బీరువాలో దాచుకుంటే సిరి నిలుస్తుందని మరో నమ్మకం. రావిచెట్టు కింద ప్రతిష్ఠించే జంటనాగుల శిలలు చూడండి. ఒళ్లు మెలివేసి, తలలు ఎత్తి ఎదురెదురుగా నిలిచిన ఆ భంగిమ పోట్లాడే మగపాముల భంగిమకే దగ్గర. సంతానం కోసం దాని చుట్టూ ప్రదక్షిణలు చేసే ఆడవాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పిల్లలు కలగకపోతే పరీక్షలు మొగుడికి కూడా అవసరమని చెప్పకుండా, ఆమెనొక్కదాన్నీ రాయి చుట్టూ తిప్పే ఇంటి పెద్దల మీదే నా ఫిర్యాదు.

నాగుపాము, జెర్రిపోతు ఒక కుటుంబానికి చెందినవి కూడా కావు. ఒకటి విషపాము, రెండోది విషం లేనిది. ఆ రెండు శాఖలూ విడిపోయి కోట్ల సంవత్సరాలైంది. నాగుల్లోనూ ఆడా మగా ఉంటాయి, జెర్రిపోతుల్లోనూ ఉంటాయి. మరి ఏది ఏదో ఎలా తేలుతుంది? దీన్ని రోజూ తేల్చేవాళ్లు ఉన్నారు, పెంపుడు పాముల్ని పుట్టించి అమ్మేవాళ్లు. అమెరికా, ఐరోపా దేశాల్లో అదొక పెద్ద వ్యాపారం. ఆఫ్రికా నుంచి వెళ్లిన బాల్ పైథాన్, అమెరికా సొంత పాము కార్న్ స్నేక్ అక్కడ ఎక్కువగా అమ్ముడుపోతాయి. బాల్ పైథాన్‌లో ఆడపిల్లకే సాధారణంగా ధర ఎక్కువ. మన దేశంలో పుట్టబోయే ఆడపిల్లను కాపాడుకోవడానికి 1994లో చట్టం చేసుకోవలసి వచ్చింది. అక్కడ పాముల బజారులో ఆడపిల్ల పుడితే పండగ!

ధర తేడా ఉంది కనుక "నా మనసుకు ఆడదనిపిస్తోంది" అంటే కొనేవాడు ఊరుకోడు. పొదగగా బయటికొచ్చిన పిల్ల పెన్సిలు మందాన ఉంటుంది. దాన్ని వెల్లకిలా తిప్పి, మలమూత్రాలకూ సంతానానికీ ఒకటే అయిన ద్వారం పక్కన, తోక వైపు బొటనవేలు ఆనించి, మెత్తగా ద్వారం వైపు దొర్లిస్తారు. మగపాముకు జననాంగాలు రెండు. పని లేనప్పుడు అవి తోక మొదట్లో లోపలికి మడిచి ఉంటాయి. వేలి ఒత్తిడికి జంటగా, ఎర్రగా బయటికొస్తాయి. కొంచెం ఎదిగిన పాముకు ఈ పద్ధతి పనికిరాదు, కండ బిగిస్తుంది. అప్పుడు మొన మొద్దుగా ఉన్న సన్నటి స్టీలు కడ్డీకి జారుడు మందు రాసి, ద్వారం నుంచి తోక కొసవైపు పోనిస్తారు. ఆడదైతే రెండు మూడు పొలుసుల దూరంలో ఆగిపోతుంది. మగదైతే ఎనిమిది, పది పొలుసుల దాకా వెళ్తుంది. జాతిని బట్టి ఈ లెక్క మారుతుంది. చేయి తిరగనివాడు చేస్తే పాము గాయపడుతుంది, కాబట్టి చదివి ప్రయోగాలు చేయకండి.

ఇందులో నాకు నచ్చింది కడ్డీ కాదు, దాని వెనకున్న తర్కం. జననాంగాలు బయటికొస్తే అది మగదే, సందేహం లేదు. రాకపోతే ఆడదని మాత్రం అనలేం. పిల్ల బిగబట్టి ఉండొచ్చు, వేలు సరైన చోట పడకపోయి ఉండొచ్చు. కడ్డీ కూడా అంతే: మగది కండ బిగిస్తే మధ్యలోనే ఆగి ఆడదానిలా చూపిస్తుంది, మొరటుగా నెడితే ఆడదాని లోపలి తిత్తి చిరిగి మగదానిలా చూపిస్తుంది. అందుకే నిజాయితీ ఉన్న పెంపకందారు ఒక్కసారి చూసి తీర్పు చెప్పడు. "ఆడది కావచ్చు" అని రాసుకుని మళ్లీ చూస్తాడు. మన రచ్చబండ దగ్గర వినపడని మాట ఈ "కావచ్చు".

ఇంత చేసినా పొరపాట్లు జరుగుతాయి. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ కాలేజీలో ఒక బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా ఉంది. మగదనుకుని ఫుట్‌బాల్ ఆటగాడి పేరు, రొనాల్డో అని పెట్టారు. కనీసం తొమ్మిదేళ్లుగా ఇంకో పాముతో కలవని ఆ రొనాల్డో 2024లో పద్నాలుగు పిల్లల్ని కన్నది! మన ఊళ్లో అయితే ఈపాటికి గుడి కట్టి, హుండీ పెట్టి, వారం వారం పాలాభిషేకం మొదలయ్యేది. అక్కడ మాత్రం రెండు మాటల్లో తేలింది: మొదట మగదని చెప్పడమే తప్పు, మగతోడు లేకుండా పిల్లల్ని కనడం కొన్ని పాములకు సాధ్యమే. 2019లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ అక్వేరియంలో ఒక అనకొండ కూడా అలాగే కన్నది, డీఎన్ఏ పరీక్షలో అది రుజువైంది.

శాస్త్రం కూడా తప్పు చేస్తుందిగా అని ఇక్కడ ఎవరైనా పట్టుకుంటారు. చేస్తుంది. బోవా, పైథాన్‌ల లింగ క్రోమోజోములు కోడి తరహావని చాలాకాలం అనుకున్నారు, మనుషుల్లాగే ఎక్స్, వై అని 2017లో తేలింది. ఆడపాముకూ స్త్రీ యోనిశీర్షం లాంటి అంగం ఉందని 2022లో గానీ సరిగ్గా వివరించలేకపోయారు. అంతవరకూ చూసినవాళ్లు కూడా దాన్ని ఇంకేదో అనుకున్నారు. ఈ తప్పుల్ని దిద్దింది మళ్లీ పరీక్షించి చూసినవాళ్లే. తాత మాటను దిద్దే ఏర్పాటు మాత్రం మన దగ్గర లేదు.

తోక చూడకుండా తీర్పు చెప్పడం పల్లె నమ్మకాలతో మొదలైంది కాదు. కళ్లు, నాలుక, నోరు, తల పెద్దవైతే మగపాము, చిన్నవైతే ఆడపాము, రెండు లక్షణాలూ కలిసి కోపం తక్కువైతే నపుంసకం అని సుశ్రుత సంహిత కల్పస్థానం వర్గీకరించింది. అక్కడితో ఆగలేదు. మగపాము కరిస్తే రోగి పైకి చూస్తాడని, ఆడపాము కరిస్తే కిందికి, నపుంసకం కరిస్తే పక్కకు చూస్తాడని కూడా చెప్పింది. శస్త్రచికిత్సలో అంత దూరం చూసిన గ్రంథం పాము దగ్గరికొచ్చేసరికి మనిషి పోలికలు వెతికింది. ఆ కాలానికి అది క్షమించదగినదే. ఈ కాలంలో దాన్ని వైద్యమని వల్లెవేయడం క్షమించదగినది కాదు.

మగపాములే లేని పాము కూడా ఒకటి ఉంది. వానాకాలం స్నానాలగది తూములోంచో, పూలకుండీ కిందనుంచో వచ్చే గుడ్డిపాము. దాన్ని వానపామనుకుని తోసేస్తాం. దాని జాతిలో ఇంతవరకూ తెలిసినవన్నీ ఆడవే, తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. దీన్ని లోకానికి పరిచయం చేసింది మన విశాఖపట్నమే. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రసెల్ అక్కడ దొరికిన నమూనాను బొమ్మ వేయించి, తెలుగువాళ్లు చెప్పిన "రెండు తలల పాము" పేరుతోనే 1796 నాటి తన పుస్తకంలో అచ్చేశాడు. జెర్రిపోతు లేనిదే పాముజాతి నిలవదనేవాళ్లు ముందు తమ పూలకుండీ ఎత్తి చూసుకోవాలి. చూడమన్నాను గానీ పట్టుకోమనలేదు. నాగునీ జెర్రిపోతునీ ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఈ నమ్మకాలతో నష్టమేముంది, ఎవరి పిచ్చి వాళ్లకానందం అనొచ్చు. కానీ పాముకాటుతో దేశంలో ఏటా సుమారు 58 వేలమంది చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు మందు ఒకటే, నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారైంది. కరిచింది ఆడదా మగదా అని డాక్టరు అడగడు, అడగనక్కర్లేదు. కాబట్టి కాటు పడ్డ మనిషి దగ్గర, కరిచింది ఏ లింగమో ముందు తేల్చాలని ఎవరైనా మంత్రం మొదలుపెడితే, అతనికి దణ్ణం పెట్టేసి 108కి ఫోన్ చేయండి.