గడ్డివామి పీకిన రాత్రి జ్వరమెందుకు?

ఎద్దు ఒక్క పూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. మనకు నెలల తరబడి దగ్గున్నా ‘దుమ్ముకులే’ అని సరిపెట్టుకుంటాం. దుమ్ముకే, కాదనను. ఏ దుమ్ముకో కనుక్కోం, అదీ గొడవ.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో నానాయి. అలా తడిసిన గడ్డిని సరిగా ఆరకుండా వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. తర్వాత వామి పీకేటప్పుడు తెల్లగా పొగలా లేచేది ఆ బూజే. కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. అది పడని మనిషికి పొద్దున గడ్డి దులిపితే నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, ఆయాసం మొదలవుతాయి. మలేరియా అనుకుని సూది వేయించుకుంటాం. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చాలాసార్లు తగ్గేది సూదికి కాదు, గడ్డి దగ్గరకు పోనందుకు! మళ్లీ పీకితే మళ్లీ వస్తుంది. ఏళ్లపాటు ఇలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. చేనిగట్టు ఎక్కాలన్నా ఎగశ్వాసే. అలా గట్టిపడింది ఏ మందుకీ మామూలు కాదు. డాక్టర్లు దీనికి ‘ఫార్మర్స్ లంగ్’ అని మన పేరే పెట్టారు.

ఇంతా చేసి, ఆస్పత్రిలో ‘బీడీ తాగుతావా’ అంటారే గానీ ‘నిన్న ఏం పని చేశావు’ అని అడిగేవారు తక్కువ. మనమూ చెప్పం. చెప్పి తీరాలి.

బీడీని వెనకేసుకు రావడం లేదు. ఏళ్ల తరబడి పొద్దున్నే కళ్లెతో దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉంటే చాలామందికి కారణం బీడీ, కట్టెల పొయ్యి పొగ. బీడీ ముట్టని ఆడవాళ్లకూ వచ్చేది అందుకే.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, ఒళ్లు తగ్గడం, కళ్లెలో రక్తం — వీటిలో ఏది కనబడినా క్షయేమో చూపించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. మామూలు క్షయకు ఆర్నెల్లు వాడాలి. నెలకే తేలికైందని మానేస్తే మొండికేస్తుంది.

ఇక గడ్డి సంగతి. తలగుడ్డ చుట్టుకుంటే సన్నని బూజు ఆగదు, ఎన్-95 మాస్కు కావాలి. ముందు నీళ్లు చిలకరించి, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి పీకండి. బూజు గడ్డి పశువుకూ పెట్టొద్దు. వామి పీకిన రోజు, జ్వరం వచ్చిన రోజు ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. డాక్టరుకు ఎక్స్‌రేతో పాటు ఆ క్యాలెండరూ చూపించండి.