పాఠం చెప్పడం పని కాదా?

విశ్వవిద్యాలయంలో బాగా పాఠం చెప్పే కొత్త అధ్యాపకురాలికి దక్కేది మెప్పు మాత్రమే. పదోన్నతికి అది అక్కరకు రాదు. అది ఆమె దురదృష్టం కాదు, నిబంధనలే అలా రాశారు.

యూజీసీ 2018లో ప్రకటించిన నిబంధనలు చూడండి. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి అభ్యర్థులను ఎంచడానికి 100 మార్కులు పెట్టారు. అందులో పిహెచ్‌డికి 30, ప్రచురించిన వ్యాసాలకు 10, బోధనానుభవానికి 10. ఈ చివరి పదీ ఏడాదికి 2 చొప్పున వేసేవే. ఎన్నేళ్లు చెప్పారన్నదే లెక్క, ఎలా చెప్పారన్నది కాదు. ఉద్యోగంలో చేరాక కూడా అంతే. అప్పగించిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే బోధన ‘బాగుంది’, 70 దాటితే ‘సంతృప్తికరం’. ఇది బోధనను అంచనా కట్టడమా, హాజరు పట్టీ నింపడమా? అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా నియామకం కావాలంటే మాత్రం కనీసం 7 ప్రచురణలు, 75 రీసెర్చి స్కోరు చూపాలి.

ఈ లెక్కలో నష్టపోయేదెవరు? దళిత, ఆదివాసీ కుటుంబాల నుంచి తొలి తరంగా చదువుకు వచ్చిన అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం ముందు బెదిరిపోతే దాన్ని తెలుగులో విడమర్చి చెప్పాలి. ఆమె రాసింది ఓపిగ్గా దిద్దాలి. వేధింపుల గురించి చెప్పుకుంటే వినాలి, వెంట నిలబడాలి. ఈ పని ఎక్కువగా స్త్రీల మీదే పడుతుంది. ‘అమ్మలా చూసుకుంటుంది’ అని ఆమెను పొగిడి, ఆ గంటల్లో వ్యాసం రాసుకున్న సహోద్యోగికి పదోన్నతి ఇస్తారు. ఇంటి చాకిరీకి సమాజం చేసిందే దీనికి విశ్వవిద్యాలయం చేస్తోంది: ప్రేమ అని పేరు పెట్టి లెక్కలోంచి తీసేస్తోంది.

విద్యార్థుల చేత మార్కులు వేయిస్తే సరిపోతుందనే వారున్నారు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఆ భ్రమ పోగొట్టాలి. ఒక ఆన్‌లైన్ కోర్సులో బోధకులు పేర్లు మార్చుకుని చెప్పారు. చెప్పింది స్త్రీ అయినా పురుషుడైనా, మగ పేరు కనబడినప్పుడే విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారు. పితృస్వామ్యం తరగతి గుమ్మం బయట ఆగిపోదు.

కాబట్టి మనం అడగవలసింది ఇది: తోటి అధ్యాపకులు క్లాసులో కూర్చుని బోధనను చూడాలి. తయారు చేసిన పాఠాలను, దిద్దిన రాతలను పరిశీలించాలి. విద్యార్థులకు అండగా నిలిచే గంటలను పనిగంటల్లో కలపాలి. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకురాళ్లకూ ఇవే వర్తించాలి.

మెప్పుతో సరిపెట్టుకున్నది చాలు. చేసిన పనికి లెక్క అడుగుదాం.