'చూడుము' అన్నారు... ఏదీ?

ఏదో సర్టిఫికెట్టు కోసం ఆఫీసుకెళ్తాం. 'నాలుగో కౌంటర్లో అడగండి' అంటారు. తీరా చూస్తే అక్కడున్నవి మూడు కౌంటర్లే! నిఘంటువులో ఒక మాటకు అర్థం వెతికితే 'చూ.' అంటూ పక్కన ఇంకో మాట ఉంటుంది. పేజీలు తిరగేసి అక్కడికెళ్తే ఆ మాటే లేకపోతే? సరిగ్గా అలాంటి చిక్కే కంప్యూటర్ భాషల్లోనూ ఉంది. దాన్ని సరిచేయడానికి జీతం బత్తెం లేకుండా కూర్చునేవాళ్లూ ఉన్నారు.

పైథాన్ సంగతే తీసుకోండి. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్ 1991లో తొలిసారి బయటపెట్టిన భాష ఇది. (పేరు పాముది కాదు, బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం 'మాంటీ పైథాన్' నుంచి తీసుకున్నది.) సీబీఎస్ఈలో ప్లస్‌టూ కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలున్న ఇళ్లకు దీని పరిచయం అక్కర్లేదు. ఈ భాషకో పెద్ద రిఫరెన్స్ గ్రంథముంది. ఏ ఆదేశం ఏం చేస్తుంది, దానికేం ఇవ్వాలి, తిరిగి ఏమిస్తుంది... అన్నీ అందులోనే. ఒకచోట ఓ పేరొస్తే దానిమీద నొక్కగానే దాని వివరం ఉన్న పేజీకి తీసుకెళ్తుంది. పక్కన గురువు లేకుండా నేర్చుకునేవాళ్లకి ఆ లింకులే గురువు.

ఈ గ్రంథాన్ని పేజీలుగా కూర్చేది 'స్ఫింక్స్' అనే సాఫ్ట్‌వేర్. పైథాన్ కోసమే జార్జ్ బ్రాండ్ల్ దీన్ని రాశారు, 2008లో విడుదలైంది. రాసేవాళ్లు ఒక పేరుకు గుర్తు పెడితే చాలు, ఆ పేరు ఎక్కడుందో వెతికి లింకు తనే వేస్తుంది. మరి ఆ పేరు ఎక్కడా దొరక్కపోతే? ఇక్కడే ఉంది గమ్మత్తు. మామూలుగా అయితే అది నోరెత్తదు! పేరును ఉత్త అక్షరాలుగా ముద్రించి ఊరుకుంటుంది. చదివేవాళ్లకి అక్కడో దారి ఉండాల్సిందనే తెలీదు. 'పేజీ లేదు' అని చెప్పే లింకే నయం, కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది.

నోరెత్తమని అడగాలంటే 'నిట్‌పిక్కీ' అనే పద్ధతి పెట్టాలి. నిట్ అంటే ఈపి. అరుగుమీద కూర్చోబెట్టుకుని అమ్మ పేల దువ్వెనతో ఈపులు తీసినట్టే, దొరకని ప్రతి పేరునూ బయటికి లాగి చూపిస్తుందన్నమాట. అలా దువ్వితే రాలినవి కొద్దో గొప్పో కావు. అన్నీ ఒక్కరోజులో తీర్చడం అయ్యే పనా! అందుకే 2023లో ఒక ఉపాయం చేశారు. ఈపులున్న ఫైళ్ల పేర్లన్నీ ఒక జాబితాలో రాసిపెట్టారు. ఎవరైనా ఒక ఫైలు శుభ్రం చేస్తే దాని పేరు కొట్టేస్తారు. ఇక అందులో కొత్త తప్పు ఒక్కటి దొర్లినా తనిఖీ ఒప్పుకోదు. శుభ్రం చేసి పేరు కొట్టేయడం మరచిపోయినా ఒప్పుకోదు. ముందు అభినందనలు చెప్పి, ఆ పేరు తీసేయమంటుంది!

ఈ పని ప్రపంచంలో ఎవరైనా చేయొచ్చు. మార్చినదాన్ని గిట్‌హబ్‌లో పంపితే అనుభవజ్ఞులు చూసి చేర్చుకుంటారు. తేలికే అనిపిస్తుంది. కానీ చూడండి... 'ఓపెన్' అనే పేరు పైథాన్‌లో ఒకటి కాదు. ఫైలు తెరిచే మామూలు ఓపెన్ ఒకటి, 'కోడెక్స్' అనే విభాగంలో మరొకటి. ఒకే వీధిలో ఇద్దరు శ్రీనులున్నట్టు. కోడెక్స్ పేజీలో కూర్చుని ఓపెన్ అని రాస్తే లింకు మొదటి శ్రీను ఇంటికెళ్తుంది. పేరు ముందు ఒక్క చుక్క పెడితే రెండో శ్రీను ఇంటికి! ఇలాంటి తప్పును ఏ దువ్వెనా పట్టుకోలేదు. లింకు పనిచేస్తుంది కదా మరి. దాన్ని మనిషే చదివి పట్టుకోవాలి.

ఇంకో ప్రలోభం కూడా ఉంది. పేరు ముందు ఆశ్చర్యార్థకం పెడితే 'దీనికి లింకు వద్దు' అని అర్థం. వెంటనే ఫిర్యాదు ఆగిపోతుంది. నిజంగా వివరం అక్కర్లేని పేరైతే అది సరైన మందే. కానీ చాలాసార్లు దొరకని పేరంటే అసలు ఎవరూ వివరం రాయని పేరు. అక్కడ ఆశ్చర్యార్థకం పెట్టడమంటే గోడ పగులు మీద క్యాలెండరు తగిలించడమే. ఆ వివరం రాయడానికి ఒక పూట పట్టొచ్చు, పేరు పక్కన గీత పెట్టడానికి ఒక్క క్షణం. ఎవరూ చూడని పనిలో ఒక పూట వెచ్చించేవాళ్లంటే నాకు గౌరవం.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం వేరే ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో పాతబడిన 19 విభాగాలను తీసేశారు. వాటిలో వెబ్‌సైట్ల తొలిరోజుల నాటి 'సీజీఐ' ఒకటి. పాత పుస్తకాల్లోని ప్రోగ్రాముల్లో ఇప్పటికీ అది కనిపిస్తుంది. ఏ ఇంటర్ పిల్లాడో దాన్ని టైపు చేస్తాడు. 'అలాంటి మాడ్యూల్ లేదు' అంటుంది కంప్యూటర్. అక్షరం అక్షరం సరిచూసుకుని, తప్పు తనదే అనుకుంటాడు. రిఫరెన్స్‌లోనూ ఆ పేజీ లేకపోతే ఇంకెవర్ని అడుగుతాడు?

అందుకని ఆ చిరునామా అలాగే ఉంచారు. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు తలుపుకు కాగితం అంటించి వెళ్లినట్టు, అక్కడ నాలుగు ముక్కలున్నాయి. ఈ విభాగం 3.13లో తీసేశాం, 3.11లోనే హెచ్చరించాం, ఇది చివరిగా ఉన్నది 3.12లో అని.